కొండ మీద గాలి లెక్క వేరు

సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే మన కాలేజీలో సగం వాట్సాప్ గ్రూపుల పేర్లు మారిపోతాయి. "అరకు పక్కా", "లంబసింగి లోడింగ్", "ఈసారైనా వెళ్దామా". ఈ వ్యాసం ఆ గ్రూపుల కోసం. ముఖ్యంగా మార్చి నుంచి మే దాకా, మళ్లీ అక్టోబరు, నవంబరుల్లో కొండలెక్కేవాళ్ల కోసం. మొదటిది ఈదురుగాలుల కాలం, రెండోది తుఫాన్ల కాలం.

చలికి స్వెట్టర్ పట్టుకెళ్తాం, వానకి రెయిన్‌కోటు పట్టుకెళ్తాం. గాలికి ఏం చెయ్యాలో మాకెవరూ చెప్పలేదు అని మొదలుపెడదాం అనుకున్నాను గానీ అది అబద్ధం. మాకు చెప్పారు. నేనే వినలేదు. దాని ఫలితంగా నా రూమ్మేట్ కాలర్ బోన్ మీద ఇప్పటికీ చిన్న బొడిపె చేతికి తగులుతుంది. వాడి పర్మిషన్ తీసుకునే రాస్తున్నాను. "రాయరా, కానీ పేరు వేశావంటే మా అమ్మ జన్మలో మళ్లీ టూరుకి పంపదు" అన్నాడు. అందుకే ఇందులో పేర్లు లేవు.

ఆ సాయంత్రం

కిందటేడాది ఏప్రిల్. ఆరుగురం, మూడు బైకులు, వైజాగ్ నుంచి పాడేరు వైపు. మబ్బులు కాళ్ల కింద తేలే కొండల్లో ఒకటి ఎంచుకున్నాం. ఏప్రిల్‌లో ఆ మబ్బులు శీతాకాలంలో ఉన్నట్టు ఉండవని తెలుసు. అయినా పరీక్షలైపోయిన ఊపు. రెండు టెంట్లు అద్దెకు తెచ్చుకున్నాం.

కొండ కింద టీ కొట్టు దగ్గర ఆగాం. సాయంత్రం నాలుగు కావస్తోంది. ఒక్క ఆకు కదలడం లేదు, ఉక్కపోతకి చొక్కాలు వీపుకి అతుక్కుపోయాయి. పడమటి వైపు ఒక మబ్బు కాలీఫ్లవర్ లాగ పైకి పెరుగుతోంది. టీ ఇచ్చిన ఆవిడ మా టెంట్ల మూటలు చూసి, "బాబూ, పైన పడుకోకండి. ఈయాల గాలొచ్చేలా ఉంది. గాలొస్తే మా ఇంటి రేకులే ఎగిరిపోతాయి, మీ గుడ్డ గుడారం ఎంత?" అంది.

నేను ఫోన్ తీసి వెదర్ యాప్ చూపించాను. "లేదమ్మా, గంటకి పన్నెండు కిలోమీటర్లే గాలి. ఏం పర్లేదు." ఆవిడ నా ఫోన్ వైపు కూడా చూడలేదు. మబ్బు వైపు చూసింది. "మీ ఇష్టం బాబూ" అంది. మావాళ్లు కాస్త తటపటాయించారు. "థర్డ్ ఇయర్ సివిల్ రా నేను, గాలి లెక్కలు నాకు తెలీవా" అని అందర్నీ పైకి లాక్కెళ్లింది నేనే.

అయిదున్నరకి శిఖరం మీద టెంట్లు వేశాం. వ్యూ బాగుంటుందని సరిగ్గా అంచు దగ్గర. ఆరుంబావుకి చల్లగా ఒక గాలి తగిలింది. తడిమట్టి వాసన. "అబ్బ, ఏసీ ఆన్ చేశారు మావా" అని నవ్వుకున్నాం. అయిదు నిమిషాలు కూడా కాలేదు, లోయలోంచి ఒక హోరు. రైలు వస్తున్న చప్పుడు. మొదటి దెబ్బకే ఒక టెంటు మేకులతో సహా లేచిపోయింది. రెండోదాన్ని నా రూమ్మేట్ రెండు చేతులా పట్టుకుని లాగుతున్నాడు. టెంటు వాణ్ణి లాగింది. నాలుగడుగులు ఎగిరినట్టు వెళ్లి కుడి భుజం మీద రాతి మీద పడ్డాడు. ఇంకో పది అడుగులు అవతల అంచు.

మిగిలిన ఆ రాత్రి సంగతి క్లుప్తంగా చెప్తాను. కండువాతో చెయ్యి మెడకి కట్టాం. సిగ్నల్ లేదు. మెరుపుల వెలుగులో కూర్చుని, పాకి, దిగాం. సగం దారిలో టీ కొట్టు ఆవిడ కొడుకు టార్చి పట్టుకుని ఎదురొచ్చాడు. అతనే జీపు మాట్లాడి ఆసుపత్రికి పంపించాడు.

హాస్టల్‌కి వచ్చాక నేను చేసిన మొదటి పని మా డిజైన్ పుస్తకం తెరవడం. నాకు తెలుసనుకున్న లెక్క నిజంగా వేసి చూడటం.

యాప్ అబద్ధం చెప్పిందా?

లేదు. నేనే దాన్ని తప్పుగా చదివాను. యాప్‌లో కనిపించే గాలి వేగం సాధారణంగా మూడు రకాలుగా మనల్ని మోసం చేస్తుంది.

ఒకటి, అది సగటు వేగం. ఈదురుగాలి అనేది విసురు. సగటు పన్నెండు ఉన్న సాయంత్రంలోనే ఒక పది నిమిషాల పాటు డెబ్భై రావచ్చు. మన వాతావరణ శాఖ దీన్ని వేరుగా చూస్తుంది. గాలి వేగం హఠాత్తుగా గంటకు కనీసం 29 కిలోమీటర్లు పెరిగి, 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ చేరి, కనీసం ఒక నిమిషం నిలిస్తే దాన్ని స్క్వాల్ అంటారు.

రెండు, అది గడి లెక్క. కంప్యూటర్ మోడల్ భూమిని కిలోమీటర్ల వెడల్పున్న గళ్లుగా కోసి ఒక్కో గడికి ఒక్కో అంకె ఇస్తుంది. ఆ గడిలో మీ లోయ, మీ వాలు, మీ శిఖరం అన్నీ కలిసిపోతాయి. మీరు కూర్చున్న రాయి దానికి కనపడదు.

మూడు, ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఉరుముల గాలివాన చాలా చిన్నది. ఒక మండలంలో చెట్లు పడిపోతాయి, పక్క మండలంలో దుమ్ము కూడా లేవదు. అది ఎక్కడ పుడుతుందో పొద్దున్నే కచ్చితంగా చెప్పడం కష్టం. అందుకే ఈ గాలికి పొద్దున చూసిన ఫోర్‌కాస్ట్ సరిపోదు. వాతావరణ శాఖ రాబోయే మూడు గంటలకు ఇచ్చే నౌకాస్ట్ చూడాలి. మౌసమ్ యాప్‌లో ఉంటుంది. పిడుగులకి దామిని యాప్ ఉంది. రంగు పసుపైతే గమనిస్తూ ఉండమని, నారింజ అయితే సిద్ధంగా ఉండమని, ఎరుపు అయితే వెంటనే చర్య తీసుకోమని అర్థం. నారింజ కనిపించాక కూడా కొండెక్కితే, ఆ తర్వాత జరిగేదానికి గాలిని తిట్టే హక్కు మనకుండదు.

కొండ గాలిని ఏం చేస్తుంది

కాలువ వెడల్పు తగ్గిన చోట నీళ్లు జోరుగా పోతాయని ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివాం కదా. గాలీ అంతే. మైదానంలో వస్తున్న గాలికి కొండ అడ్డం వస్తే అది పైకెక్కి శిఖరం మీదుగా దాటాలి. అక్కడ దారి ఇరుకు, అందుకే వేగం పెరుగుతుంది.

మన ఐఎస్ 875 మూడో భాగం, 2015 ఎడిషన్ తీసి చూడండి. భవనాల మీద గాలి భారం లెక్క అందులోనే ఉంటుంది. మూల వేగం వైజాగ్‌కి, విజయవాడకి సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కి 44. దీన్ని కొన్ని గుణకాలతో గుణిస్తాం. అందులో కె3 అనేది నేల ఎత్తుపల్లాలకి సంబంధించింది. వాలు 3 డిగ్రీల లోపు ఉంటే అది 1. నిట్రమైన కొండ శిఖరం దగ్గర 1.36 దాకా పోతుంది. పరీక్షలో ఇచ్చిన సమస్యలన్నీ చదునైన నేల మీదే కాబట్టి కె3 దగ్గర కళ్లు మూసుకుని 1 వేసేవాణ్ణి. ఆ సాయంత్రం కొండ మీద కూడా అదే చేశాను.

1.36 అంటే 36 శాతమే కదా అనిపిస్తుంది. కానీ గాలి ఒత్తిడి వేగానికి కాదు, వేగం వర్గానికి అనుపాతం. 1.36ని వర్గం చేస్తే దాదాపు 1.85. అంటే కింద ఊళ్లో ఉన్న ఒత్తిడి కంటే శిఖరం మీద 85 శాతం ఎక్కువ.

శిఖరం ఒక్కటే కాదు. రెండు కొండల మధ్య సందు ఉంటుంది చూడండి, మన భాషలో కనుమ. మన తూర్పు కొండల వరుసని తూర్పు కనుమలు అనే పిలుస్తాం. మనుషులూ బళ్లూ దాటడానికి వీలైన చోటు అది. గాలికీ అదే వీలు. చుట్టూ ఉన్న గాలంతా ఆ సందులోంచే దూరుతుంది. కనుమలో టెంటు వేయడం అంటే గరాటు మూతి దగ్గర పడుకోవడమే.

ఇంక కొండకి అవతలి వైపు. గాలి చాటు అనుకుంటాం. చాలావరకు నిజమే, కానీ నిట్రంగా తెగిపోయిన కొండ వెనక గాలి సుడులు తిరుగుతుంది. ఒక క్షణం ఎదురు నుంచి, మరో క్షణం వెనక నుంచి కొడుతుంది. ఏటిలో బండరాయి వెనక నీళ్లు గిరగిరా తిరుగుతాయే, అదే. కాబట్టి అంచు కింద ఆనుకుని దాక్కోవడం కాదు, వీలైనంత కిందికి దిగడమే దారి.

ఇక ఆ చల్లగాలి. ఏసీ అని మేం నవ్వుకున్నది. ఉరుముల మబ్బులోంచి వాన పడేటప్పుడు కొంత నీరు దారిలోనే ఆవిరవుతుంది. ఆవిరవడానికి వేడి కావాలి కదా, చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. ఆ గాలి చల్లబడి, బరువెక్కి, కిందికి దూకి, నేల తగిలాక నలువైపులా పరుచుకుంటుంది. లోయలున్న చోట లోయ వెంబడి పరిగెడుతుంది. ఉక్కపోత సాయంత్రం హఠాత్తుగా చల్లగాలి, తడిమట్టి వాసన వచ్చాయంటే ఆ వరద ముందు అంచు మీ దాకా వచ్చేసినట్టే. మీ చేతిలో ఉన్నది నిమిషాలే.

మనిషి బరువు ఎంత?

ఇంజనీర్లం కదా, ఒక చిన్న లెక్క. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. కోడ్‌లో ఉన్న సూత్రమే.

గంటకు 36 కిలోమీటర్ల గాలి, అంటే సెకనుకు 10 మీటర్లు. చదరపు మీటరుకు 60 న్యూటన్లు, సుమారు 6 కిలోల తోపు. గొడుగు తిరగబడుతుంది.

72 కిలోమీటర్ల గాలి. వేగం రెట్టింపు, తోపు నాలుగింతలు, 24 కిలోలు. మూడు చదరపు మీటర్ల పక్కగోడ ఉన్న టెంటుకి 72 కిలోలకు పైనే. మా రూమ్మేట్ బరువు 58 కిలోలు. ఎవరు ఎవర్ని లాగారో ఇప్పుడర్థమైందా?

108 కిలోమీటర్ల గాలి. చదరపు మీటరుకు 55 కిలోలు. నిలబడ్డ మనిషి ముందుభాగం సుమారు 0.6 చదరపు మీటర్లు అనుకుంటే 33 కిలోల తోపు. తడిసిన రాతి మీద 60 కిలోల మనిషి చెప్పు పట్టు 30 కిలోలకి మించకపోవచ్చు. అంటే జారడం మొదలు.

ఇంకో సంగతి. విసురుగాలిలో మనం తెలియకుండానే గాలికి ఎదురు వంగి నిలబడతాం. గాలి కొడుతూనే ఉంటే అది బాగానే ఉంటుంది. హఠాత్తుగా ఆగిపోతే? మనం వంగిన వైపే పడతాం. అంచు దగ్గర నిలబడి లోయ వైపు నుంచి వచ్చే గాలికి వంగితే పడేది లోయలోకే. "గాలి నన్ను లోపలికే తోస్తోంది కదా, పర్లేదు" అనుకోవడంలో ఉన్న ప్రమాదం అదే.

ఇద్దరు పెద్దవాళ్లు: హుద్‌హుద్, తిత్లీ

ఏప్రిల్ గాలి పది, ఇరవై నిమిషాల ఆట. తుఫాను గంటల తరబడి వాయిస్తుంది. హుద్‌హుద్ మనలో చాలామందికి చిన్నప్పటి జ్ఞాపకం. 2014 అక్టోబరు 12, ఆదివారం, మధ్యాహ్నం వేళ విశాఖ దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 170, 180 కిలోమీటర్లు. పైన చెప్పిన సూత్రంలో 180 వేసి చూడండి, చదరపు మీటరుకు 150 కిలోలు దాటుతుంది. ఎయిర్‌పోర్టు పైకప్పే నిలవలేదు.

మా ఇంట్లో నాన్న మంచం తెచ్చి తలుపుకి అడ్డం పెట్టి దాని మీద కూర్చున్నారు. ఒక దశలో గాలి ఆగిపోయింది. వెలుతురొచ్చింది. పక్కింటాయన బైక్ ఏమైందో చూద్దామని బయటికెళ్లబోతే నాన్న చెయ్యి పట్టుకుని ఆపేశారు. కాసేపటికి ఈసారి ఎదురు దిక్కు నుంచి మొదలైంది. ఆగిపోయింది అనుకున్నది తుఫాను కన్ను. కన్ను మీ మీదుగా పోతున్నప్పుడు వచ్చే ఆ ప్రశాంతత ఇంటర్వెల్ మాత్రమే. అధికారులు చెప్పేదాకా బయటికి రాకూడదు.

తీరంలో నష్టం టీవీల్లో చూశాం. కొండల మీద జరిగింది తక్కువ మంది చూశారు. అరకు, పాడేరు కాఫీ తోటలకి నీడగా సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు, వాటికి మిరియాల తీగలు పాకిస్తారు. ఆ గాలికి సిల్వర్ ఓక్‌లు కూలి కింద ఉన్న కాఫీ మొక్కల మీద పడ్డాయి. కాఫీ, మిరియం, నీడ మూడూ ఒక్క రోజులో పోయాయి. గిరిజన రైతులకి అది ఒక ఏడాది నష్టం కాదు. చెట్టు మళ్లీ నీడనిచ్చే ఎత్తు పెరగాలి కదా. మనకిందులో పాఠం: సెల్ఫీలకి బాగుండే ఆ నిటారు చెట్ల తోపు గాలివానలో తలదాచుకునే చోటు కాదు.

రెండో పాఠం 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీది. అది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తెల్లవారుజామున తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. అక్కడి నుంచి మహేంద్రగిరి కొండల వైపు, ఒడిశా గజపతి జిల్లాలోకి వెళ్లింది. అక్కడ ఒక కొండ ఊళ్లో వానకి భయపడి గుహలాంటి చోట తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడింది. పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లు అజాగ్రత్తగా లేరు. జాగ్రత్త కోసమే వెళ్లారు. గాలి నుంచి కాపాడే చోటు వాన నుంచి కాపాడాలని లేదు. కొండల్లో గాలీ వానా కలిసే వస్తాయి కాబట్టి ఈ రెండు ప్రశ్నలూ కలిపే వేసుకోవాలి: నా మీద ఏం పడొచ్చు? నా కిందది ఏం జారొచ్చు?

ఇంతకీ ఏం చెయ్యాలి

*బయల్దేరే ముందు.* నౌకాస్ట్ చూడండి. తుఫాను హెచ్చరిక ఉంటే టూరు వాయిదా వేయండి, డబ్బులు పోతే పోనీ. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి దిగుతారో ఇంట్లోనో హాస్టల్లోనో ఒకరికి చెప్పండి. ఏజెన్సీలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, పైకెళ్లాక చెప్దాం అంటే కుదరదు. 112 మీకు తెలిసిందే, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్ నంబరు 1070 కూడా సేవ్ చేసుకోండి. వేసవిలో కొండెక్కితే పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నానికి దిగిపోండి. ఉరుముల మబ్బులు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పెరుగుతాయి.

*అక్కడి వాళ్ల మాట.* టీ కొట్టు ఆవిడకి కె3 తెలీదు. కానీ ఆ కొండ మీద ఏ దిక్కు మబ్బు ఎప్పుడు గాలిగా మారుతుందో ఏళ్ల తరబడి చూసింది. ఏ యాప్ దగ్గరా ఆ డేటా లేదు. దిగిపొమ్మంటే దిగిపోండి.

*టెంటు.* శిఖరం మీద వద్దు, కనుమలో వద్దు, ఎండిపోయిన చెట్టు కింద వద్దు, గెడ్డ ఒడ్డున వద్దు. పైన కురిసిన వానకి గెడ్డ నిమిషాల్లో పొంగుతుంది. ఇన్ని వద్దులయ్యాక ఎక్కడ వెయ్యాలంటే, గాలివాన సూచన ఉన్న రోజు ఎక్కడా వద్దు. ఊళ్లో స్లాబు ఇంట్లో పడుకోండి. గాలి మొదలయ్యాక టెంటు ఎగిరిపోతుంటే వదిలేయండి. పట్టుకోవద్దు. దాని అద్దె డిపాజిట్టు రెండు వేలు. మావాడి ప్లేటుకీ స్క్రూలకీ అయిన ఖర్చు చెప్తే మీరు నవ్వరు.

*పైన ఉండగా గాలి అందుకుంటే.* అంచుకి దూరంగా జరగండి. నిలబడకండి, కూర్చోండి, అవసరమైతే పాకండి. బ్యాగు మీది రెయిన్ కవర్ తీసేయండి, తెరచాపలా పని చేస్తుంది. విసురు వచ్చినప్పుడు నేలకి కరుచుకుని ఆగండి, తగ్గినప్పుడు కదలండి. వాలు వెంబడి కిందికి దిగండి.

*మెరుపు, ఉరుము.* మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లంటే పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరంలో పడినట్టు. ముప్పై సెకన్ల లోపు ఉంటే మీరు ప్రమాదంలో ఉన్నట్టే. పక్కా ఇల్లు గానీ అద్దాలు మూసిన కారు గానీ చూసుకోండి. ఒంటరి చెట్టు కిందకి పోవద్దు. అందరూ ఒకచోట గుంపుగా ఉండొద్దు. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగండి.

*ఘాట్ రోడ్డు మీద.* బైకు మీద ఉంటే ఆగిపోండి. కొండ చాటున బాగానే వెళ్తుంటాం, మలుపు తిరగ్గానే పక్కనుంచి ఒక్క తోపు తోస్తుంది. పక్కన లారీ ఉన్నా, లోయ ఉన్నా ఒకటే. బండి ఆపేటప్పుడు చెట్టు, కరెంటు స్తంభం, హోర్డింగ్, మట్టి రాలుతున్న గట్టు, వీటికి దూరంగా ఆపండి. దారికి అడ్డంగా చెట్టు పడి ఉంటే దాని కొమ్మల్లో వైరు చిక్కుకుందేమో చూడకుండా చెయ్యి వేయొద్దు.

*తెగిన కరెంటు తీగ.* చప్పుడు లేదని, నిప్పురవ్వల్లేవని చచ్చిపోయిన తీగ అనుకోవద్దు. కనీసం పది మీటర్ల దూరం. తీగ కారు మీద పడితే కారులోనే ఉండండి, సాయం వచ్చేదాకా. నిప్పంటుకుని దిగక తప్పకపోతే కారునీ నేలనీ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ కలిపి బయటికి దూకి, పాదాలు ఎడం చేయకుండా, నేల మీంచి ఎత్తకుండా చిన్నచిన్నగా జరుపుకుంటూ దూరం వెళ్లండి. తడినేలలో రెండు అడుగుల మధ్య ఉండే వోల్టేజీ తేడా చాలు మనిషిని పడగొట్టడానికి. ట్రిపుల్ఈ వాళ్లు దీన్నే స్టెప్ పొటెన్షియల్ అంటారు.

*ఇంట్లో ఉంటే.* కిటికీలకి దూరంగా లోపలి గదిలో ఉండండి. కిటికీలు తెరిస్తే ఒత్తిడి సమానమై ఇల్లు నిలుస్తుందని ఒక నమ్మకం ఉంది. తప్పు. గాలి వచ్చే వైపు తలుపు తెరుచుకుంటే లోపలికి చేరిన గాలి కప్పుని కిందనుంచి పైకి నెడుతుంది, పైనుంచి వీచే గాలి ఎలాగూ లాగుతుంది. రెండూ కలిస్తే రేకులు లేచిపోతాయి. అంచుల్లో, మూలల్లో ఈ లాగుడు మరీ ఎక్కువ. రేకుల మీద రాళ్లు పెట్టిన ఇంట్లో ఉంటే ఆ రాళ్ల కింద పడుకోవద్దు, స్లాబు ఉన్న బడికో సచివాలయానికో ముందే వెళ్లిపోండి. వైజాగ్ అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు బాల్కనీ పూలకుండీలు లోపల పెట్టుకోండి. మీ కుండీ కింద నడిచేవాడికి తుఫాను కంటే అదే ముందు తగులుతుంది.

*ఎవరికైనా దెబ్బ తగిలితే.* భుజం, కాలర్ బోన్ అనుమానం ఉంటే కండువాతోనో తువ్వాలుతోనో చెయ్యిని ఒంటికి ఆనించి కట్టండి. సరిచేద్దామని లాగొద్దు. తడిబట్టలు మార్చి వెచ్చగా ఉంచండి. తడి ఒంటికి కొండగాలి తోడైతే ఏప్రిల్‌లో కూడా వణుకు పుడుతుంది.

సీనియర్లకి ఒక మాట

ఎమ్మెస్‌కి కొలరాడో వైపు వెళ్లే అన్నయ్యలూ అక్కయ్యలూ ఉన్నారు కదా. అక్కడ రాకీ పర్వతాల మీంచి తూర్పు వాలు వెంట దిగే గాలి చలికాలంలో మన తుఫాను వేగాన్ని అందుకుంటుంది, అదీ ఆకాశం నిర్మలంగా ఉండగా. 2021 డిసెంబరు 30న బౌల్డర్ పరిసరాల్లో విసురులు గంటకు 160 కిలోమీటర్లు దాటిన రోజున గడ్డికి అంటుకున్న నిప్పు కొన్ని గంటల్లోనే వెయ్యికి పైగా ఇళ్లని కాల్చేసింది. వాన లేని గాలి అని తేలిగ్గా తీసుకోవద్దు. ఊరు ఖాళీ చేయమని మెసేజ్ వస్తే పాస్‌పోర్టు, మందులు జేబులో వేసుకుని బయల్దేరిపోవడమే.

చివరగా

మొన్న సంక్రాంతి సెలవుల్లో మేమిద్దరం మళ్లీ ఆ కొండకి వెళ్లాం. ఈసారి బస్సులో. టీ కొట్టు ఆవిడ మావాణ్ణి గుర్తుపట్టి ముందు భుజం చూపించమంది. తడిమి చూసి, "ఎముక అతికింది గానీ గట్టిగా బరువులెత్తకు బాబూ" అంది. నేను సారీ చెప్పాలనుకుని ఏదో నసిగాను. ఆవిడ టీ గ్లాసు నా చేతిలో పెట్టి, "ఈయాల గాల్లేదు. పైకెళ్లి చూసి పన్నెండింటికల్లా దిగిపోండి" అంది.

పదకొండున్నరకే దిగిపోయాం.